పెట్రోలా? డీజిలా? పంపు కాడ కాదు.. తొవ్వ కాడ లెక్క తీయాలె

మా ఇంట్ల నెల రోజుల సంది ఒక్కటే లొల్లి. కారు కొనుడు ఖాయమైంది. కానీ పెట్రోల్ బండా, డీజిల్ బండా అనే కాడ ముచ్చట ఆగింది. మా అన్న దుబాయ్‌ల ఉంటడు. తొమ్మిదేండ్ల సంది ఆడనే. "కొంటే డీజిలే కొనుర్రి, జర పెద్ద బండి కొనుర్రి" అని వాట్సాప్ కాల్‌ల రోజూ చెప్తడు. బాపుది కూడా అదే మాట. "మన ట్రాక్టర్ పదకొండేండ్లాయె. ఇంజిన్ విప్పింది లేదు. డీజిల్ ముందట పెట్రోల్ ఎంత?" అంటడు. అవ్వ మాత్రం "ఏదైతేంది, నన్ను కరీంనగర్ దవాఖానకు తీస్కపోయి తీస్కస్తే చాలు" అన్నది. లెక్క తీసే పని నా మీద పడ్డది.

ఇది మా ఒక్క ఇంటి ముచ్చట కాదు. జగిత్యాల, నిర్మల్, నిజామాబాద్, సిరిసిల్ల దిక్కు ఏ ఊరికి పోయినా ఇసొంటి ఇల్లు పది కనవడ్తయ్. గల్ఫ్ పైసలో, చిట్టి పైసలో, ప్లాటు అమ్మిన పైసలో పట్టుకొని షోరూంకు పోతరు. ఆడ ఏది ఎక్కువ మెరిస్తే అది తెచ్చుకుంటరు. పెండ్లి సంబంధాల్ల కూడా "ఏ బండి పెడ్తరు?" అని అడిగేకాడికి వచ్చింది. ఇల్లు తర్వాత మన బతుకుల అంత పెద్ద ఖర్చు ఇదే. అయినా పది నిమిషాల లెక్క కూడా తీయం. "ఊర్లె ఉన్నోళ్లకు డీజిలే కరెక్ట్" అని ఎవలో ఎప్పుడో చెప్పిన మాట మీద నడుస్తున్నం. ఆ మాట ఒకప్పుడు నిజమే. ఇప్పుడు నిజమా కాదా అన్నదే ముచ్చట.

ఆ మాట ఏడికెళ్లి వచ్చింది?

2010 జూన్‌ల కేంద్రం పెట్రోల్ ధరను కంట్రోల్‌ల కెళ్లి తీసేసింది. డీజిల్‌ను మాత్రం పట్టుకునే ఉన్నది. రైతు ట్రాక్టర్, ఊరి బస్సు, సరుకుల లారీ అన్నీ డీజిల్ మీద నడుస్తయ్ కాబట్టి దాని ధర పెంచొద్దని లెక్క. దాంతోని ఏమైంది? 2012ల పెట్రోల్‌కు డీజిల్‌కు నడుమ లీటర్‌కు ముప్పై రూపాయల దాకా తేడా పడ్డది. రైతు కోసం పెట్టిన సబ్సిడీని కార్లోళ్లు దొరకవట్టుకున్నరు. దేశంల అమ్ముడుపోయే కార్లల్ల సగానికి మించి డీజిల్ బండ్లే ఉండె. "డీజిల్ అంటే చౌక" అనే మాట పుట్టింది ఆ కాలంలనే.

2013 జనవరి నుంచి డీజిల్ ధర నెలకు అర్ధరూపాయి లెక్కన పెంచుకుంట పోయిండ్రు. 2014 అక్టోబర్‌ల మొత్తానికే కంట్రోల్ ఎత్తేసిండ్రు. 2017 జూన్ 16 నుంచి రెండింటి ధరలు రోజువారీగ మారుడు మొదలైంది. 2020 మేల కరోనా నడుమ కేంద్రం ఎక్సైజ్ సుంకం పెట్రోల్ మీద లీటర్‌కు 10 రూపాయలు, డీజిల్ మీద 13 రూపాయలు పెంచింది. ఆ జూన్‌ల ఢిల్లీల డీజిల్ ధర పెట్రోల్‌ను దాటింది! అట్ల అయితదని అంతకుముందు ఎవలు అనుకోలె. తర్వాత 2021 నవంబర్‌ల, 2022 మేల సుంకం తగ్గించిండ్రు. 2024 మార్చిల ఇంకో రెండు రూపాయలు తగ్గింది. 2025ల హైదరాబాద్‌ల పెట్రోల్ 107 రూపాయల పైచిలుకు, డీజిల్ 95 రూపాయల పైచిలుకు ఉండె. అంటే తేడా 12 రూపాయలు.

ముప్పై కెళ్లి పన్నెండుకు దిగింది. నడుమల ఒకసారి ఢిల్లీల తలకిందులు కూడా అయింది. ఈ తేడా కొనేటోడి చేతుల లేదు, పంపు యజమాని చేతుల కూడా లేదు. కేంద్రం సుంకం, రాష్ట్రం వ్యాట్ కలిసి దాన్ని నడిపిస్తయ్. మన తెలంగాణల పెట్రోల్ మీద వ్యాట్ 35.2 శాతం, డీజిల్ మీద 27 శాతం. 2015ల పెంచిన రేట్లు ఇవి. రెండూ జీఎస్టీ బయటనే ఉన్నయ్. రేపు ఎవలన్న డీజిల్ మీద ఇంకో అయిదు రూపాయలు ఏస్తే, పదేండ్లు నడుపుదామని కొన్న బండి లెక్క మొత్తం తప్పుతది.

బాపు ట్రాక్టర్ వేరు, రేపటి డీజిల్ కారు వేరు

బాపు మాట తీసెయ్యలేం. డీజిల్ ఇంజిన్ గట్టిది. దాంట్ల స్పార్క్ ప్లగ్గు ఉండది. గాలిని గట్టిగ నొక్కి వేడి చేసి, దాంట్లకు డీజిల్ చిమ్మితే అదే మండుతది. అంత ఒత్తిడికి ఆగాలె కాబట్టి ఇంజిన్ బరువుగ, బలంగ కడ్తరు. లీటర్ పెట్రోల్ కంటే లీటర్ డీజిల్‌ల శక్తి కూడా పదో వంతుకు పైనే ఎక్కువ. తక్కువ స్పీడ్‌లనే గుంజుడు శక్తి వస్తది. దాన్నే టార్క్ అంటరు. క్రెటానే తీస్కో. టర్బో లేని 1.5 లీటర్ పెట్రోల్ ఇంజిన్ టార్క్ 144 న్యూటన్ మీటర్లు. అదే బండిల 1.5 లీటర్ డీజిల్ టార్క్ 250. ఏడుగురు ఎక్కి, మీద సామాను కట్టి ఘాటు ఎక్కితే ఆ తేడా కాలు కిందనే తెలుస్తది.

కానీ బాపు చెప్పేది పాత డీజిల్ సంగతి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంల బీఎస్–6 రూల్స్ వచ్చినయ్. బీఎస్–4 కెళ్లి బీఎస్–5ను దాటేసి సీదా బీఎస్–6కు దుంకినం. 2023 ఏప్రిల్ నుంచి రెండో దశ కూడా మొదలైంది. పొగ ల్యాబ్‌లనే కాదు, రోడ్డు మీద కూడా లెక్కల ఉండాలె అన్నరు. ఇది మంచిదే. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తదని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012లనే తేల్చి చెప్పింది. ఆ పొగ ముందుగాల పీల్చేది మన పిల్లలే. అయితే ఆ పొగను పట్టి ఆపేటందుకు బండి కింద ఒక చిన్న ఫ్యాక్టరీనే పెట్టాల్సి వచ్చింది. ఊర్ల నడిపే చాలా ట్రాక్టర్లకు ఇంకా ఆ రూల్స్ లేవు. అందుకే ట్రాక్టర్ అనుభవం పట్టుకొని కారు కొనొద్దు.

ఆ ఫ్యాక్టరీల రెండు సామాన్లు తెలుసుకోవాలె.

ఒకటి డీపీఎఫ్. సైలెన్సర్ తొవ్వల పెట్టిన జల్లెడ అనుకోర్రి. మసిని ఆపుతది. మసి నిండినంక దాన్ని కాల్చి బూడిద చేసుకోవాలె. దానికి దగ్గర దగ్గర 600 డిగ్రీల వేడి గావాలె. ఆ వేడి ఎట్ల వస్తది? బండి హైవే మీద గంటకు 60 దాటి ఇరవై నిమిషాలకు పైగ ఆగకుంట పోతే వస్తది. స్పీడ్, టైం బండిని బట్టి మారుతది, బండితోని ఇచ్చే పుస్తకంల రాసి ఉంటది. రోజూ ఇంటికెళ్లి మండలానికి, మండలానికెళ్లి ఇంటికి అయిదారు కిలోమీటర్లు తిప్పుడే అయితే ఆ వేడి రాదు. జల్లెడ జామ్ అయితది.

రెండోది ఆడ్‌బ్లూ. దీన్నే డీఈఎఫ్ అని కూడా అంటరు. 32.5 శాతం యూరియా, మిగిలింది శుద్ధమైన నీళ్లు. ఇప్పటి డీజిల్ కార్లల్ల చాలావాటికి దీనికి వేరే ట్యాంక్ ఉంటది. అది అయిపోతే మీటర్ మీద హెచ్చరిక వస్తది. అయినా పోయకపోతే, ఒకసారి బండి బంద్ చేసినంక మళ్ల స్టార్ట్ కాదు. యూరియా అనంగనే మనోళ్లకు నవ్వొస్తది. 2025 వానకాలంల యూరియా బస్తా కోసం సొసైటీల కాడ చెప్పులు లైన్ల పెట్టినోళ్లం మనం. తమ్ముళ్లూ, పొలంల జల్లే యూరియా నీళ్లల్ల కలిపి మాత్రం పోయకుర్రి. అది వేరే రకం. ఆ పని చేస్తే మొత్తం సిస్టమే ఖరాబైతది.

మా మేనబావ ముచ్చట చెప్త. సర్కారు బడిల టీచర్. ఇంటికెళ్లి బడికి 6 కిలోమీటర్లు. అందరూ చెప్పిండ్రని డీజిల్ ఎస్‌యూవీ తీసుకున్నడు. ఎనిమిది నెలలకు మీటర్ మీద పసుపుపచ్చ లైట్ వెలిగింది. "ఏదో లైట్ తీయ్" అని పట్టించుకోలె. ఇంకో వారానికి బండి గుంజుడు బంద్ చేసింది. గంటకు నలబై దాటలె. సర్వీస్ కాడ జల్లెడ సాఫ్ చేసి, ఆయిల్ మార్చి 22 వేల బిల్లు ఏసిండ్రు. వారంటీ అడిగితే "మీరు నడిపే తీరుకు ఇది వారంటీల రాదు సార్" అన్నరు. కొనేటప్పుడు "రోజూ ఎంత దూరం నడుపుతరు?" అని ఒక్కడూ అడగలె. ఇప్పుడు ఆయన పది రోజులకోసారి, పని లేకున్నా, జల్లెడ కాల్చుకునేందుకు రాజీవ్ రహదారి మీద నలబై కిలోమీటర్లు తిరిగి వస్తడు. పొదుపు కోసం కొన్న బండిల పనిలేని తిరుగుడుకు డీజిల్ పోస్తున్నడు.

బీఎస్–6 ఖర్చు చూసే మారుతి కంపెనీ 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు బంద్ చేసింది. తర్వాత హోండా కూడా అదే తొవ్వ పట్టింది. సగం దాటిన డీజిల్ వాటా ఇప్పుడు అయిదో వంతుకు దిగింది. మిగిలిన డీజిల్ బండ్లల్ల ఎక్కువ ఎస్‌యూవీలే. అందుకే మనసొంటోళ్లకు ఈ ప్రశ్న ఇంకా బతికే ఉన్నది.

ఇగ లెక్క తీద్దాం

ఒక నోట్‌బుక్ తీసుకున్న. నాలుగు మీటర్ల లోపు ఎస్‌యూవీ అనుకున్నం. 2025 సెప్టెంబర్ 22 నుంచి మారిన జీఎస్టీ ప్రకారం, పొడుగు 4 మీటర్ల లోపు ఉండి పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ, డీజిల్ ఇంజిన్ 1500 సీసీ దాటకుంటే 18 శాతమే పన్ను. అది దాటితే 40 శాతం. అంటే చిన్న ఎస్‌యూవీల ఏ ఇంజిన్ తీసుకున్నా జీఎస్టీ ఒక్కటే.

ఉదాహరణకు పెట్రోల్ బండి షోరూం ధర 9 లక్షల 60 వేలు, అదే మోడల్ డీజిల్ 11 లక్షలు అనుకుందాం. తేడా లక్షా 40 వేలు. అందరూ ఈడనే ఆగుతరు. కానీ మన రాష్ట్రంల లైఫ్ ట్యాక్స్ ఉన్నది. 2022 మేల పెంచినప్పటి లెక్కల 10 లక్షల లోపు బండికి 14 శాతం, 10 లక్షలు దాటితే 17 శాతం. కొనే రోజు రేటు ఎంతున్నదో ఆర్టీఏ కాడ ఒకసారి అడుగుర్రి. ఆ లెక్కన పెట్రోల్ బండికి లక్షా 34 వేల 400. డీజిల్ బండికి లక్షా 87 వేలు. ఈడ ఇంకో 52 వేల 600 తేడా వచ్చింది. రెండూ కలిపితే లక్షా 92 వేల 600. ఇన్సూరెన్స్, లోన్ మిత్తి కూడా ఏస్తే రెండు లక్షలు దాటుతది. మనం రెండు లక్షలే పట్టుకుందాం.

ఇగ నడిపే ఖర్చు. కంపెనీ చెప్పే మైలేజ్ పక్కకు పెట్టుర్రి. అది ల్యాబ్‌ల తీసింది. మా చుట్టుపక్కల నడిపేటోళ్లను అడిగితే పెట్రోల్ 13, డీజిల్ 17 దాకా ఇస్తున్నయన్నరు. పెట్రోల్ 107 రూపాయల 50 పైసలు, డీజిల్ 95 రూపాయల 70 పైసలు పట్టుకున్న. కిలోమీటర్‌కు పెట్రోల్ ఖర్చు 8 రూపాయల 27 పైసలు. డీజిల్ ఖర్చు 5 రూపాయల 63 పైసలు. మిగులు 2 రూపాయల 64 పైసలు. ఆడ్‌బ్లూ, డీజిల్ సర్వీస్ ఖర్చు కింద ఓ ముప్పై పైసలు తీసేస్తే, తక్కువల తక్కువ 2 రూపాయల 30 పైసలు మిగుల్తది.

రెండు లక్షలను 2.30తోని భాగిస్తే? 87 వేల కిలోమీటర్లు. అంటే 87 వేల కిలోమీటర్లు తిరిగేదాకా డీజిల్ బండి ఒక్క రూపాయి మిగిలియ్యది. ముందుగాల పెట్టిన పైసలే వాపసు ఇచ్చుకుంట పోతది.

మరి మేం ఎంత తిరుగుతం? నెలంతా రాసి పెట్టిన. మండలానికి పదిహేనుసార్లు, పోయి వచ్చుడు 14 కిలోమీటర్లు. జగిత్యాలకు నాలుగుసార్లు, 40 కిలోమీటర్లు. అవ్వకు చూపించేతందుకు కరీంనగర్‌కు రెండుసార్లు, 140 కిలోమీటర్లు. మూడు నెలలకోసారి హైదరాబాద్. అంతా కలిపితే నెలకు 800 కిలోమీటర్లు కూడా నిండలె. సరే, 800 అనుకుందాం. ఏడాదికి 9,600. 87 వేలు కావాలంటే తొమ్మిదేండ్లు! అన్న దుబాయ్‌ల ఉన్నది కూడా తొమ్మిదేండ్లే.

ఇంకో తీరుగ చూద్దాం. అన్న నెలకు 25 వేలు పంపుతడు. ఆ రెండు లక్షలంటే ఎనిమిది నెలల పైసలు. ఎండల నిలబడి ఎనిమిది నెలలు కష్టపడి, తొమ్మిదేండ్ల తర్వాత వాపసు వస్తయన్న నమ్మకం మీద పెట్టుడు. ఈ మాట అన్నకు ఎట్ల చెప్పాలె అని రెండు రోజులు ఆలోచన చేసిన.

డీజిల్ ఎవలకు కరెక్ట్?

దీన్ని చదివి "డీజిల్ దండుగ" అని అనుకోకుర్రి. మా ఊర్లనే ఒకతను కిరాయి బండి నడుపుతడు. వారంల మూడుసార్లు హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్. గల్ఫ్‌కు పోయేటోళ్లను దించుడు, వచ్చేటోళ్లను తెచ్చుడు. నెలకు తక్కువల తక్కువ 5 వేల కిలోమీటర్లు. ఆయనకు 87 వేల కిలోమీటర్లు ఏడాదిన్నరల అయిపోతయ్. ఆ తర్వాత ప్రతి కిలోమీటర్‌కు మిగులే. హైవే మీదనే తిరుగుడు కాబట్టి జల్లెడ కూడా దానంతట అదే సాఫ్ అయితది. ఆయన పెట్రోల్ కొంటే తప్పు చేసినట్టే. కానీ ఒక మాట, కిరాయికి నడిపేటోళ్లు పసుపుపచ్చ ప్లేట్ తీసుకోవాలె. తెల్ల ప్లేట్ మీద కిరాయి కొడ్తే ప్రమాదం అయిన రోజు ఇన్సూరెన్స్ ఇయ్యమంటే బజార్ల పడ్తరు.

నెలకు 2,500 కిలోమీటర్లు తిరిగేటోడికి మూడేండ్ల లోపల పైసలు వాపసు వస్తయ్. 1,500 అయితే అయిదేండ్లకు దగ్గర. ఆ నడుమ ఉన్నోళ్లు తిరిగే తొవ్వ చూసుకోవాలె. ఎక్కువ లాంగ్ డ్రైవ్ అయితే డీజిల్, ఎక్కువ ఊరు–మండలం అయితే పెట్రోల్. 1,000 లోపు ఉన్నోళ్లు ఆలోచన చేసుడు కూడా అక్కర్లేదు.

అన్న ఒక మంచి ప్రశ్న అడిగిండు. "మల్ల అమ్మేటప్పుడు డీజిల్‌కు ఎక్కువ వస్తది గదరా?" నిజమే, మన దిక్కు సెకండ్ హ్యాండ్‌ల డీజిల్ ఎస్‌యూవీకి గిరాకీ ఉన్నది. ఓ 75 వేలు ఎక్కువ వస్తయనుకుందాం. అప్పుడు రెండు లక్షల కెళ్లి లక్షా 25 వేలే లెక్కకు వస్తయ్. 54 వేల కిలోమీటర్లకు బరాబర్ అయితది. మాకు అది కూడా అయిదున్నరేండ్లు దాటుతది. అదీ ఈ అయిదారేండ్లల్ల డీజిల్ మీద ఏ కొత్త రూలూ రాకుంటేనే.

రూల్స్ భయం ఉత్తగనే లేదు

2023 మేల కేంద్ర పెట్రోలియం శాఖ ఏసిన ఒక నిపుణుల కమిటీ సలహా బయటికి వచ్చింది. 10 లక్షల జనాభా దాటిన నగరాలల్ల 2027 నాటికి డీజిల్ నాలుగు చక్రాల బండ్లు బంద్ చేయాలని చెప్పింది. సర్కార్ దాన్ని ఒప్పుకోలె. అదే ఏడాది సెప్టెంబర్‌ల మంత్రి గడ్కరీ డీజిల్ బండ్ల మీద ఇంకో 10 శాతం జీఎస్టీ ఏయాలని అంటానన్నడు. ఆ దినమే "ఇప్పుడైతే అసొంటి ప్రతిపాదన లేదు" అని చెప్పిండు. రెండూ జరగలె. కానీ గాలి ఏ దిక్కు కొడ్తున్నదో తెలుస్తనే ఉన్నది.

ఢిల్లీల అయితే జరిగింది. ఎన్జీటీ 2015 ఉత్తర్వు, సుప్రీంకోర్టు 2018 ఉత్తర్వుతోని ఆడ పదేండ్లు దాటిన డీజిల్, పదిహేనేండ్లు దాటిన పెట్రోల్ బండ్లు నడపొద్దన్నరు. 2025 జూలై 1 నుంచి అసొంటి బండ్లకు పంపుల కాడ నూనె పోయొద్దన్నరు. జనం లొల్లి చేస్తే రెండు మూడు రోజులల్లనే ఆపిండ్రు. ఆగస్టుల సుప్రీంకోర్టు కూడా వయసు ఒక్కటే చూసి చర్య తీసుకోవద్దన్నది. మన తెలంగాణల పదేండ్ల రూల్ లేదు. పదిహేనేండ్ల రిజిస్ట్రేషన్, తర్వాత ఫిట్‌నెస్ చూపిచ్చి అయిదేసి ఏండ్లు రెన్యువల్.

ఈ తేడా పట్టుకొనే ఢిల్లీ దిక్కు డీజిల్ ఎస్‌యూవీలు మన దిక్కు చౌకగ దిగుతున్నయ్. ఇన్‌స్టాల రీల్ చూసి అడ్వాన్స్ కొట్టే తమ్ముళ్లు జర ఆగుర్రి. ఆ ఆర్టీఓ కెళ్లి ఎన్ఓసీ ఉన్నదా? బ్యాంక్ లోన్ తీరిందా? ఈడ మన లైఫ్ ట్యాక్స్ ఎంత పడ్తది? డీపీఎఫ్ ఎవలన్న కోసి తీసేసిండ్రా? ఈ నాలుగు తెల్వకుంట చౌక అన్న మాట నమ్మితే, మనం కొనేది బండి కాదు, వాళ్ల బరువు.

పెట్రోల్ కూడా దేవుడేం కాదు

పెట్రోల్ కొనేటోళ్లకు కూడా రెండు సంగతులు చెప్పాలె. ఒకటి ఈ20. పెట్రోల్‌ల ఇరవై శాతం ఇథనాల్ కలుపుడు 2025ల పూర్తయింది. ఇథనాల్‌ల శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ. దాని కోసం తయారైన కొత్త బండ్లల్ల మైలేజ్ ఒకటి రెండు శాతం, పాత బండ్లల్ల ఆరేడు శాతం దాకా తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికల్నే ఉన్నది. ధర మాత్రం ఆ లెక్కన తగ్గలె. 2023 ఏప్రిల్ కంటే ముందటి పెట్రోల్ బండి సెకండ్ హ్యాండ్‌ల కొంటే అది ఈ20కి పనికొస్తదా లేదా పుస్తకం చూసి కొనుర్రి.

ఆ ఇథనాల్ ఏడికెళ్లి వస్తది? మన మక్కలు, నూకలు, చెరుకు కెళ్లి. మక్కలకు గిరాకీ వచ్చిందని ఒక దిక్కు రైతు సంబురపడ్తడు. ఇంకో దిక్కు ఇథనాల్ ఫ్యాక్టరీ మా ఊర్ల వద్దని 2024 నవంబర్‌ల నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌ల జనం రోడ్డెక్కిండ్రు. 2025 జూన్‌ల గద్వాల జిల్లా పెద్ద ధన్వాడల గొడవ అయింది. నీళ్లు, గాలి ఖరాబైతయని వాళ్ల భయం. పంపు కాడ మనం పోయించుకునే నూనెల ఈ ఊర్ల ముచ్చట కూడా కలిసే ఉన్నది.

రెండోది టర్బో. టర్బో పెట్రోల్ ఇంజిన్ డీజిల్ లెక్కనే గుంజుతది. క్రెటా 1.5 టర్బో పెట్రోల్ టార్క్ 253, డీజిల్ కంటే మూడు ఎక్కువే. కానీ కాలు గట్టిగ నొక్కితే మైలేజ్ అంతే గట్టిగ పడిపోతది. నిమ్మలంగ నడిపే ఇంటికి టర్బో లేని మామూలు పెట్రోలే చాలు.

ఇంట్ల చార్జింగ్ పెట్టుకునే జాగ ఉండి, రోజూ దగ్గర తిరుగుడే అయితే కరెంట్ బండి కూడా లెక్కల పెట్టుకోర్రి. 2026 డిసెంబర్ 31 దాకా తెలంగాణల ఈవీలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. మాకు అవ్వను అర్ధరాత్రి కూడా కరీంనగర్‌కు తీస్కపోయే అవసరం పడొచ్చు, తొవ్వల చార్జింగ్ మీద ఇంకా ధైర్యం రాలె. అందుకే మేం అటు పోలె.

సర్కార్‌ను కూడా ఒక మాట అడగాలె. ఊర్లె మంచిగ బస్సు తిరిగితే, మండలంల దవాఖాన సక్కగ నడిస్తే, మా నెల లెక్కల సగం కిలోమీటర్లు ఉండవు. మేం నెలకు 280 కిలోమీటర్లు తిరిగేది అవ్వకు డాక్టర్ దగ్గర్ల లేడు కాబట్టి. ఆ తిరుగుడు మీద కేంద్రం సుంకం, రాష్ట్రం వ్యాట్ తీసుకుంటున్నయ్. బండి కొనుడు మాకు సోకు కాదు, సగం అవసరం. ఆ అవసరాన్ని తగ్గించే పని ఎవలు చేస్తరు?

నోట్‌బుక్ పేజీ ఫోటో తీసి అన్నకు పంపిన. రాత్రి కాల్ చేసిండు. జరసేపు ఏం మాట్లాడలె. "మరి ఊర్ల ఏమనుకుంటరురా?" అన్నడు. "అన్నా, ఊరోళ్లు ఈఎంఐ కట్టరు" అన్న. నవ్విండు. బాపు ఇంకా పూర్తిగ ఒప్పుకోలె, "పెట్రోల్ బండికి గుంజుడు ఉండదు" అని గులుగుతనే ఉన్నడు. టెస్ట్ డ్రైవ్‌కు ఆయననే ముందు సీట్ల కూసోబెట్టి, అయిదుగురం ఎక్కి తిప్పి చూపియ్యాలె అనుకుంటున్న. మిగిలిన రెండు లక్షలు ఏం చేయాలె అని అన్ననే చెప్పిండు. అవ్వ పేరు మీద బ్యాంక్‌ల ఏయమన్నడు.

మీరు కూడా షోరూంకు పోయే ముందట ఒక నెల ఆగుర్రి. బైక్ మీద, ఆటోల, కిరాయి కారుల, బస్సుల మీ ఇంటోళ్లు ఏడికి పోయినా కిలోమీటర్లు రాసి పెట్టుర్రి. ఆ అంకె పట్టుకొని పోతే, సేల్స్‌మన్ ఎంత చెప్పినా ఏ బండి తీసుకోవాలెనో మీకే తెలుస్తది.